గొర్రె మనది... గిన్నె దొరది!

రీళ్లలో చూసి, విదేశాల్లో ఉన్న పిల్లల నోట విని, నెల్లూరు వంటిళ్లలో 'షెపర్డ్స్ పై' వండుతున్నారు. కింద కైమా, పైన ఉర్లగడ్డ. ఈ తీరానికి ఇది కొత్త వంటేమీ కాదు. ఆవిరింజన్ల కాలంలోనే బిట్రగుంటలో దిగింది.

"ఏందమ్మా ఇది? ఉప్మా కింద కైమా దాచిపెట్టినావా?"

ఓవెన్‌లోంచి గాజు గిన్నె దించి బల్ల మీద పెట్టగానే మా అత్త అన్న మొదటి మాట ఇది. ఆమెను అని లాభం లేదు. పైన ఎర్రగా, గట్టిగా నిలబడాల్సిన ఉర్లగడ్డ ముద్ద సగం కిందికి దిగబడింది. నడిమధ్యన పెన్నలో ఇసుక తోడిన గుంటలా పల్లం పడింది. ఆ పల్లంలో కైమా రసం బుడబుడలాడుతోంది. ఇంటిల్లిపాదీ ఆకలి మీద ఉన్నారు. పక్కన అన్నం కూడా లేదు. ఇది తింటే అన్నం అక్కర్లేదని పొద్దుటినుంచీ ఊదరగొట్టింది నేనే.

పోపులపెట్టెకు ఆనించిన ఫోన్లోంచి మా అన్న కొడుకు తొంగి చూస్తున్నాడు. వాడు లీడ్స్‌లో చదువుతున్నాడు. అక్కడింకా తెల్లవారుతోంది, దుప్పటి తలమీదే ఉంది.

"కైమా చల్లారనిచ్చినావా అత్తా?"

"యాడ చల్లారనిచ్చేది? ఒంటిగంట దాటింది."

"అదే మరి. వేడిమీద పరిస్తే గడ్డ మునిగిపోద్ది. మా రూమ్మేటు మొదటే చెప్పినాడు. నేను నీకు చెప్పడం మర్చిపోయినా."

మర్చిపోయినాడంట! అయినా గిన్నె ఖాళీ అయింది. మా అత్త రెండోసారి వడ్డించుకున్నారు కూడా. అయితే తిన్నంతసేపూ "ఇందులో కారమేది" అంటూనే ఉన్నారు.

మా వీధిలో ఇప్పుడు మూడిళ్లలో ఓటీజీలున్నాయి. లాక్‌డౌన్‌లో కేకుల కోసం కొన్నవి, తర్వాత చాలాకాలం కవర్లు కప్పుకుని మూలన పడి ఉన్నాయి. క్రిస్మస్ దగ్గరపడితే వాటికి మళ్లీ పని దొరుకుతోంది. పిల్లలు లండన్‌లోనో డబ్లిన్‌లోనో తిన్నవి ఫొటోలు తీసి పంపుతారు, తల్లులు ఇక్కడ వండి ఆ ఫొటో పక్కన తమ ఫొటో పెడతారు. అలా తిరుగుతున్న వంటల్లో ఇదొకటి. పేరు తెలుగులోకి మారిస్తే 'గొర్రెలకాపరి పై' అవుతుంది. అలా అంటే ఎవరికీ ఆకలి వేయదు, కాబట్టి ఇంగ్లిషు పేరే ఉండనిద్దాం.

ఆదివారం మిగిలితేనే సోమవారం వంట

దీన్ని పై అంటారు గానీ, పై అంటే ఉండాల్సిన మైదా పెంకు ఇందులో లేదు. పెంకు బదులు మెత్తగా నలిపిన ఉర్లగడ్డే మూత. ఇంగ్లండులో 'కాటేజ్ పై' అన్న పేరు 1791 నుంచే కనిపిస్తుంది. కాటేజ్ అంటే పేదవాడి గుడిసె, ఉర్లగడ్డ అప్పటికి అక్కడి పేదవాడి తిండి. 'షెపర్డ్స్ పై' అన్న పేరు అచ్చులోకి వచ్చింది పందొమ్మిదో శతాబ్దం మధ్యలో. గొర్రె మాంసమైతే షెపర్డ్ అనాలి, గొడ్డు మాంసమైతే కాటేజ్ అనాలి అన్న పట్టింపు ఆ తర్వాతెప్పుడో మొదలైంది. మొదట్లో ఏ మాంసానికి ఏ పేరైనా చెల్లింది.

అసలు సంగతి మాంసం రకంలో లేదు. ఆదివారం పెద్ద మాంసపు తునకను నిప్పుల సెగన కాల్చుకు తినడం ఇంగ్లిషువాళ్ల ఆచారం. సోమవారానికి ఎముక చుట్టూ గట్టిపడిన ముక్కలు మిగిలేవి. వాటిని సన్నగా తరిగి, మిగిలిన రసంలో నానేసి, పైన ఉర్లగడ్డ కప్పి మళ్లీ సెగ చూపిస్తే ఇంకో పూట గడిచేది. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో చేతితో తిప్పే కైమా మిషన్లు ఇళ్లలోకి వచ్చాక ఆ తరిగే పని కూడా తప్పింది. ఒక్క మాటలో చెప్పాలంటే ఇది సద్ది కూర. మన చద్దన్నానికి వాళ్ల వరసలో చుట్టం.

మనకు వచ్చే చిక్కంతా ఇక్కడే. మన ఇళ్లలో ఆదివారం మటన్ ఎప్పుడు మిగిలింది? సాయంత్రానికి గిన్నె అడుగున అంటుకున్న మసాలా మిగులుతుంది. ఆ గిన్నెలోనే ఇంత అన్నం వేసి కలుపుకుని తినడానికి ఎవరో ఒకరు ముందునుంచే కాచుకుని ఉంటారు. మా ఇంట్లో ఆ హక్కు మా ఆయనది. కాబట్టి మన షెపర్డ్స్ పై మిగిలిన మాంసంతో కాదు, పచ్చి కైమాతో మొదలవుతుంది. ఇంగ్లిషువాడి పొదుపు వంట మన దగ్గర పండగ వంటయ్యింది.

సగం దారిలో ఆగిన ఊరు

చెన్నై నుంచి విజయవాడకు రైలుదారి 431 కిలోమీటర్లు. 1899లో మద్రాసు, బెజవాడల మధ్య పట్టాలు కలిశాయి. బొగ్గు తిని నీళ్లు తాగే ఇంజను అంత దూరం ఒక్క ఊపున పోలేదు. బూడిద దులపాలి, నీళ్లు పట్టాలి, డ్రైవరునూ ఫైర్‌మన్‌నూ మార్చాలి. దాదాపు నడిమధ్యన, నెల్లూరు దాటి కావలి రాకముందు, బోగోలు పక్కన ఉన్న బిట్రగుంటకు ఆ పని పడింది. పడమట కొండ బిట్రగుంట వెంకటేశ్వరస్వామి, తూర్పున జువ్వలదిన్నె సముద్రం, మధ్యలో లోకోషెడ్డు. దాని చుట్టూ క్వార్టర్లు, బంగళాలు, ఇన్‌స్టిట్యూటు, చర్చి వచ్చాయి.

ఆ క్వార్టర్లలో ఎక్కువమంది ఆంగ్లో ఇండియన్లు. తండ్రి వైపు వంశంలో ఎక్కడో ఒక ఐరోపా పూర్వీకుడు ఉండి, ఈ దేశంలోనే పుట్టి పెరిగినవాళ్లు. బ్రిటిష్ కాలంలో రైల్వే, తంతి, కస్టమ్స్ ఉద్యోగాల్లో వాళ్లకు ప్రాధాన్యం ఉండేది. ముఖ్యంగా మెయిల్ బండి డ్రైవరంటే వాళ్లే.

మా పెదనాన్న అక్కడ ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరై రిటైరయ్యాడు. ఆయన చెప్పే కథల్లో ఇంజన్ల కంటే తిండే ఎక్కువ. డిసెంబరు నెలలో పక్క క్వార్టరు దొరసానమ్మ పింగాణీ పళ్లెంలో పంపించే 'ఆలూ చాప్' గురించి చెప్పేటప్పుడు అరచేయి గిన్నెలా వంచి చూపించేవాడు. నలిపిన ఉర్లగడ్డ ముద్దలో కైమా పెట్టి, గుడ్డు సొనలో ముంచి, రొట్టె పొడి అద్ది వేయించేది. ఆమె పిల్లలకు జ్వరం వస్తే చేసే మిరియాల చారును 'పెప్పర్ వాటర్' అనేవాళ్లట. "మన చారే. దానికి ఇంగ్లిషు పేరు పెట్టుకున్నారు, పొమ్మను" అని నవ్వేవాడు. ఇంకోటి కూడా ఉండేది. పెద్ద గిన్నెలో కింద కైమా, పైన ఉర్లగడ్డ. దానిపేరు ఆయనకు తెలియదు. "మూతపెట్టిన కైమా" అనేవాడు. అందులో మిరియం, పచ్చిమిరపకాయ, చుక్క వెనిగరు తగిలేవట. చప్పిడి వంట మాత్రం కాదన్నమాట. అప్పుడు మేం చిన్నపిల్లలం, అది ఏ వంటో తెలుసుకోవాలని ఎవరికీ తోచలేదు. మా మేనల్లుడు పంపిన ఫొటో చూశాక గుర్తుకొచ్చింది. అప్పటికి పెదనాన్న లేడు.

ఓవెన్ లేని రోజుల్లో వాళ్లు దీన్నెలా కాల్చారన్న ప్రశ్నకు కూడా ఆయన కథల్లోనే జవాబుంది. అడుగు మందం గిన్నెకు కింద బొగ్గులు, మూత మీద ఇంకొన్ని బొగ్గులు. లోకోషెడ్డు ఊళ్లో బొగ్గుకు కరువేముంటుంది!

1947 తర్వాత ఆ కుటుంబాలు ఒక్కొక్కటిగా ఇంగ్లండుకూ ఆస్ట్రేలియాకూ తరలిపోయాయి. 1980 నాటికి ఈ మార్గమంతా కరెంటు తీగలు వచ్చేశాయి. కరెంటింజనుకు నీళ్లక్కర్లేదు, సగం దారిలో ఆగే పనీ లేదు. బిట్రగుంట మీదుగా బళ్లు వెళ్లిపోతూనే ఉన్నాయి గానీ, ఆ ఊరికున్న పని పోయింది. రైల్వే స్థలాల్లో ఏదో ఒక పరిశ్రమ పెట్టమని ఆ ప్రాంతంవాళ్లు ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. లోక్‌సభలో, రాష్ట్ర శాసనసభల్లో ఆంగ్లో ఇండియన్లను నామినేట్ చేసే ఏర్పాటు కూడా 104వ రాజ్యాంగ సవరణతో 2020 జనవరిలో ముగిసింది.

> రామసామి చేతి వంట
>
> మద్రాసు ప్రెసిడెన్సీలో దొరల వంట ఎలా ఉండాలో చెబుతూ 1878లో మద్రాసులోనే ఒక పుస్తకం అచ్చయింది. పేరు 'కలినరీ జాటింగ్స్ ఫర్ మద్రాస్'. రాసింది కెన్నీ హెర్బర్ట్ అనే సైనికాధికారి. అందులో వంటవాడు ఎవరైనా సరే ఆయనకు 'రామసామి'యే. రామసామికి ఇది చెప్పండి, రామసామిని అది చేయనివ్వకండి అంటూ పుస్తకం నిండా పాఠాలు. నెల్లూరు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోదే. దొరల బల్లమీదికి వెళ్లిన ప్రతి గిన్నె వెనకా ఒక తెలుగు చెయ్యో తమిళ చెయ్యో ఉంది. ఆ చేతులు తమ ఇంటికెళ్లి ఏం వండుకున్నాయో ఏ దొరా రాయలేదు.

ఉన్ని లేని గొర్రె

వంట పేరులో కాపరి ఉన్నాడు కాబట్టి మన కాపరి దగ్గరికీ పోవాలి. ఉదయగిరి, కలిగిరి, వింజమూరు మెట్టల నుంచి గొర్రెల మందలు కోతలయ్యాక పల్లపు చేలలోకి దిగుతాయి. రాత్రిళ్లు చేలో మంద కట్టించుకున్న రైతు కాపరికి ఇంత డబ్బో ధాన్యమో ముట్టజెబుతాడు. తెల్లారేసరికి చేనంతా పెంట పడి ఉంటుంది, వచ్చే పంటకు అదే ఎరువు. మంద జాతీయ రహదారి దాటేటప్పుడు లారీలు కూడా ఆగాల్సిందే. ముందు ఒకడు, వెనక ఒకడు, మధ్యలో గొర్రెల కంటే పెద్ద గొంతుతో అరిచే ఒక కుర్రాడు.

నెల్లూరు గొర్రె దేశంలోని గొర్రె జాతుల్లోకెల్లా పొడగరి. దూరం నుంచి చూస్తే మేకేమో అనిపిస్తుంది. ఒంటిమీద ఉన్ని లేదు, పొట్టి వెంట్రుకలే. చాలావాటికి మెడ కింద రెండు లోలాకులు వేలాడతాయి. ఇందులో మూడు రకాలు. ఒళ్లంతా తెలుపైతే పల్ల. తెల్లటి ఒంటికి కళ్లచుట్టూ, మూతి దగ్గర నల్ల మచ్చలుంటే జోడిపి. ఎర్రగా ఉంటే దొర. పెదనాన్న పొరుగింటి దొరలకూ ఈ దొరకూ చుట్టరికం ఏమీ లేదులెండి. ఉన్ని లేని ఈ గొర్రెను కాచే మనిషి భుజాన గొంగళి ఉంటుంది, ఆ గొంగళి మాత్రం దక్కనీ గొర్రెల ఉన్నితో నేసింది.

2019 పశుగణనలో ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్ల గొర్రెలు లెక్కకొచ్చాయి. అంతకంటే ఎక్కువున్నది తెలంగాణలో మాత్రమే, 1.91 కోట్లు. ఇన్ని గొర్రెలున్నా కాపరి ఇంట మాంసం వండే రోజులు తక్కువ. గొర్రె ఆయనకు బ్యాంకు. కాలు విరిగిందో, కుక్క కరిచిందో అయితేనే గిన్నెలోకి వస్తుంది. చేల గట్టున ఆయన విప్పే మూటలో రాగి సంగటి, ఎండు చేపల కారం ఉంటాయి. ఆయన పేరు పెట్టుకున్న వంట ఇంగ్లండులో పుట్టినా, ఇక్కడ పుట్టినా, వండుకుని తినేది వేరేవాళ్లే.

> బ్రెజిల్లో నెల్లూరు
>
> ఒంగోలు గిత్తకు బ్రెజిల్లో పేరు 'నెలోరె'. ప్రకాశం జిల్లా ఏర్పడిన 1970 వరకు ఒంగోలు ప్రాంతంలో కొంత నెల్లూరు జిల్లాలో ఉండేది. ఇక్కడినుంచి ఓడలెక్కిన పశువులకు అక్కడ జిల్లా పేరే మిగిలింది. 1868లో ఇంగ్లండు వెళ్తున్న ఓడ సాల్వడార్ రేవులో ఆగినప్పుడు అందులోని ఒక జతను అమ్మారని బ్రెజిల్ పశుపాలకులు చెప్పుకుంటారు. ఈనాడు ఆ దేశపు మాంసపు పశువుల్లో అధికభాగం ఈ వంశానివే. అక్కడా మూతపెట్టిన మాంసం వంట ఒకటుంది. కింద ఎండబెట్టి వండిన మాంసం, పైన నలిపిన కర్రపెండలం. దానిపేరు 'ఎస్కొండిడిన్యో', అంటే 'చిన్నగా దాక్కున్నది'. ఫ్రెంచివాళ్లు ఇదే పద్ధతి వంటకు ఉర్లగడ్డను జనంచేత తినిపించిన పార్మెంటియే పేరు పెట్టుకున్నారు.

సీసాలో నెత్తళ్లు

ఈ వంట చెప్పే ఏ ఇంగ్లిషు మనిషైనా చివర్లో "కొంచెం వూస్టర్‌షైర్ సాస్" అంటాడు. మా మేనల్లుడూ అన్నాడు. నెల్లూరు సూపర్‌మార్కెట్లో పై అరలో దుమ్ముపట్టి ఉన్న సీసా కొన్నాను. ధర చూసి గుండె గుభేలుమంది. ఇంటికొచ్చి వెనకాల ఏమేం కలిపారో చదివితే నవ్వాగలేదు. వెనిగరు, బెల్లపు మడ్డి, ఉల్లి, వెల్లుల్లి, వాటితోపాటు చింతపండు, ఆంచోవీలు. ఆంచోవీ అంటే మన నెత్తళ్లు.

ఇంగ్లండులోని వూస్టర్ పట్నంలో లీ, పెరిన్స్ అనే ఇద్దరు మందుల దుకాణదారులు ఈ సాస్‌ను 1837లో అమ్మకానికి పెట్టారు. బెంగాల్ నుంచి తిరిగొచ్చిన ఓ ప్రభువు అడిగితే చేశారనీ, రుచి నచ్చక నేలమాళిగలో పడేశారనీ, చాన్నాళ్లకు తీసి చూస్తే అమోఘంగా ఉందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. కథ నిజమో కాదో గానీ, సీసాలో ఉన్నది నిజం. నెత్తళ్లను వెనిగరులో నెలల తరబడి ఊరబెట్టి, చింతపండు కలిపిన రసం. మైపాడు, ఇసకపల్లి, జువ్వలదిన్నె తీరాల్లో ఇళ్ల ముందు ఎండుతున్న నెత్తళ్లను చూసినవాళ్లకు ఆ సీసా మూత తీయగానే వాసన గుర్తుపట్టడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

ఇక పొయ్యి వెలిగిద్దాం

రెండోసారి, మూడోసారి చేశాక తెలిసిన సంగతులు చెబుతాను. నలుగురికి సరిపోయే కొలత.

ముందు మాంసం. మేక కాదు, పొట్టేలు. అరకిలో, భుజం వైపుది, కాస్త కొవ్వుతో. "మిషన్లో వేసేదా అక్కా, కొట్టేదా?" అని అడుగుతాడు మటన్ కొట్టు అబ్బాయి. కొట్టించుకోండి. చింతమొద్దు మీద రెండు కత్తులు టకటకమంటుంటే ముక్క ముక్కగా ఉండే కైమా వస్తుంది. మిషన్ కైమా ఉడికాక ముద్దగా మారి నోట్లో తెలియకుండా పోతుంది. ఆదివారం రద్దీలో కొట్టమంటే అతను మొహం మాడ్చుకుంటాడు. శనివారం సాయంత్రం వెళ్లండి. నాలుగు ఎముకలు కూడా అడిగి తెచ్చుకోండి.

ఆ ఎముకల్ని ఉప్పు, మిరియాలు, ఒక ఉల్లిపాయతో కుక్కర్లో ఉడికించి నీళ్లు వడగట్టండి. కైమా రుచంతా ఈ నీళ్లలోనే ఉంది. ఇనుప మూకుడు బాగా కాగాక రెండు చెంచాల నూనె పోసి కైమాను పల్చగా పరచండి. తర్వాత చేతులు కట్టుకుని నిలబడండి. ఇది మనవాళ్లకు చాలా కష్టమైన పని. కైమా పడగానే గరిటె తిప్పడం మన చేతికి అలవాటు. తిప్పితే నీరు ఊరి, ఆ నీటిలోనే ఉడికి బూడిదరంగు తేలుతుంది. కదపకుండా ఉంచితే నీరు ఇంకిపోయి అడుగు ఎర్రబడుతుంది. అప్పుడు తిరగేసి, రెండోవైపూ ఎర్రబడ్డాక పక్కకు తీయండి.

అదే మూకుట్లో, అదే కొవ్వులో రెండు పెద్ద ఉల్లిపాయలు, ఒక క్యారెట్, ఆరు వెల్లుల్లి రెబ్బలు సన్నగా తరిగి మెత్తబడేదాకా వేయించాలి. చెంచాడు మైదా చల్లి పచ్చివాసన పోయాక రెండు టమాటాలు, కైమా, పావులీటరుకు కొంచెం పైగా ఎముకల నీళ్లు. ఇంగ్లండులో ఇక్కడ 'థైమ్' అనే ఆకు వేస్తారు. నెల్లూరులో దానికోసం తిరగొద్దు. ఆ ఆకుకు వాసననిచ్చే థైమోల్ మన వాములోనూ ఉంది. కుండీలో వామాకు ఉంటే రెండాకులు చించి వేయండి, లేకపోతే చిటికెడు వాము నలిపి వేయండి. దంచిన మిరియాలు, ఒక బిర్యానీ ఆకు, ఆ ఖరీదైన సీసాలోంచి రెండు చెంచాలు. మా పెదనాన్న మాట మీద నేను రెండు పచ్చిమిరపకాయలు కూడా చీరి వేస్తాను. సన్నసెగన ముప్పావుగంట. చివర పది నిమిషాలుందనగా గుప్పెడు పచ్చిబఠాణీ. గరిటెతో గీస్తే అడుగు కనిపించి ఒక క్షణం ఆగి మూసుకోవాలి, అదే గుర్తు.

గరం మసాలా, ధనియాల పొడి, కొత్తిమీర జోలికి మాత్రం పోవద్దు. అవి వేస్తే బాగుంటుంది, కాదనను. కానీ అప్పుడది మనం ప్రతివారం తినే కైమా కూరే, పైన ఉర్లగడ్డ వృథా. ఒక్కపూట నాలుక మసాలా లేకుండా మాంసాన్ని ఎరగనివ్వండి.

ఆ తర్వాత గిన్నెలోకి వంపి, ఫ్యాను కింద పెట్టి, చల్లారనివ్వండి. చల్లారనివ్వండి అని రెండుసార్లు రాయాలని ఉంది. ఎందుకో మొదట్లోనే చెప్పాను.

ఉర్లగడ్డ దగ్గర ఇంకో మెలిక. తమిళంలో 'ఉరుళైక్కిళంగు', దొర్లే గడ్డ. మనం నెల్లూరోళ్లం దాన్ని ఉర్లగడ్డ చేసుకున్నాం. కృష్ణా దాటితే బంగాళాదుంప, హైదరాబాదులో ఆలుగడ్డ. పోర్చుగీసువాళ్లు పడమటి తీరంలో దించిన దుంప ఇన్ని పేర్లు తెచ్చుకుంది. ఈ వంటకు కొత్తగడ్డ వద్దు. తోలు గోరుతో గీస్తే ఊడొచ్చేదాంట్లో నీళ్లెక్కువ, పిండి తక్కువ. తోలు గట్టిపడిన పాతగడ్డ ముప్పాతిక కిలో తీసుకోండి. ఉప్పు వేసిన చన్నీళ్లలో తోలుతోనే వేసి కాచాలి. కాగే నీళ్లలో వేస్తే పైన చితికి లోపల పలుకుంటుంది. ఉడికాక నీళ్లు వంపేసి, తోలు తీసి, ఖాళీ గిన్నెలో సన్నసెగ మీద ఒక నిమిషం ఆవిరి పోనివ్వండి.

నలపడానికి పప్పుగుత్తి చాలు. మిక్సీలో వేస్తే దుంపలోని పిండి సాగి, సినిమా పోస్టర్లంటించే జిగురు తయారవుతుంది. నేను వేశాను, అందుకే చెబుతున్నాను. వేడిమీదే 50 గ్రాముల వెన్న, తర్వాత అరగ్లాసు వేడిపాలు, ఒక గుడ్డు పచ్చసొన, జాజికాయ తురుము చిటికెడు.

చల్లారిన కైమా మీద ఈ ముద్దను అంచుల నుంచి మొదలుపెట్టి మధ్యకు పరుచుకుంటూ రావాలి. మధ్యలో కుప్ప పోసి లాగితే కైమా పైకి లేస్తుంది. అంచు గిన్నెకు అతుక్కోవాలి, సందుంటే రసం అక్కడినుంచే పొంగి బయటికొస్తుంది. ఆఖరున ఫోర్కుతో చాళ్లు గీయండి. దుక్కి దున్నినట్టు, అడ్డంగా. చాళ్ల గట్లు పైకి లేచి ఉంటాయి కాబట్టి సెగకు ముందు అవే ఎర్రబడి కరకరలాడతాయి. నునుపుగా పూసేస్తే పైనంతా ఒకటే పాలిపోయిన రంగు. 200 డిగ్రీల్లో అరగంట. దించాక పది నిమిషాలు ముట్టుకోకుండా ఉంటే ముక్కగా లేస్తుంది.

ఓవెన్ లేకపోతే? అడుగు మందం గిన్నెను ఇసుకో ఉప్పో పోసిన పెద్ద పాత్రలో పెట్టి, మూతవేసి, కేకు చేసినట్టే ముప్పావుగంట ఉంచండి. వేడెక్కుతుంది గానీ పైన ఎరుపు రాదు. పాతకాలం ఇంగ్లిషు వంటిళ్లలో దీనికి పొడుగు కాడున్న ఇనుప బిళ్లను నిప్పుల్లో కాల్చి గిన్నెకు దగ్గరగా పట్టేవాళ్లు. మన కాడున్న ఇనుప అట్లపెనం అదే పని చేస్తుంది. బాగా కాల్చి, గుడ్డతో పట్టుకుని, అంగుళం ఎత్తున రెండు నిమిషాలు. చేతులు జాగ్రత్త. పెదనాన్న దొరసానమ్మ పద్ధతిలో మూతమీద బొగ్గులు పోస్తే అన్నిటికంటే బాగుంటుంది, కాకపోతే అపార్టుమెంటు వాళ్లు ఫైరింజనుకు ఫోన్ చేస్తారు.

> చేపలోళ్ల పై, మాంసం లేని పై
>
> చేపతో చేస్తే దీన్నే 'ఫిషర్‌మన్స్ పై' అంటారు. కింద పాలు, వెన్న, మైదా కాచిన తెల్ల రసంలో చేప ముక్కలు, రొయ్యలు ఉంటాయి. మన తీరానికి ఇదే నప్పాలి, వంజరం, పండుగప్ప ముళ్లు తీసి వేస్తే రుచికి లోటుండదు. కానీ మా ఇంట్లో సాగలేదు. "చేపలో పాలా? ఒళ్లంతా తెల్లమచ్చలొస్తాయి" అని మా అత్త గిన్నె దగ్గరికి రానివ్వలేదు. పాలు తీసేసి ఎముకల నీళ్లు పోస్తే ఒప్పుకుంటారేమో చూడాలి.
>
> కార్తీకమాసంలో మాంసం ముట్టనివాళ్లకూ ఒక దారి ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో మాంసానికి రేషన్ వచ్చినప్పుడు బ్రిటన్ ఆహారమంత్రి ఉల్టన్ ప్రభువు పేరుమీద 1941లో 'ఉల్టన్ పై' ప్రచారమైంది. క్యారెట్, క్యాలీఫ్లవర్, దుంపలు కలిపి పైన ఉర్లగడ్డో పిండి మూతో. వండి చూపింది లండన్ సవాయ్ హోటల్ వంటపెద్ద. మనం పుట్టగొడుగులు, నానబెట్టిన అలసందలు వేసుకుంటే యుద్ధకాలం రుచి తగలదు.

మర్నాడు పొద్దున

మూడోసారి చేసినప్పుడు గడ్డ మునగలేదు. చాళ్ల గట్లు ఎర్రబడ్డాయి, చెంచా దించితే కరకరమన్నాయి. ఫోన్లో చూపిస్తే మేనల్లుడు "మా పబ్బులో కూడా ఇట్లా రాదత్తా" అన్నాడు. వాడు అబద్ధం చెప్పినా నాకు అభ్యంతరం లేదు. కొలత మరిచి పెద్ద గిన్నెలో చేశాను కాబట్టి, మా ఇంట్లో మొదటిసారి ఆదివారం మాంసం మిగిలింది. ఒక మూల, అరచేయంత.

సోమవారం పొద్దున వంటింట్లో చప్పుడైతే లేచి చూశాను. మా అత్త ఫ్రిజ్‌లోంచి ఆ ముక్క తీసి మూకుట్లో వెచ్చబెట్టారు. పళ్లెంలో వేసుకుని, పక్కనున్న మట్టిచట్టి మూత తీశారు. అందులో శనివారం రాత్రి నెత్తళ్ల పులుసుంది, ఎర్రగా, నూనె తేలుతూ. రెండు గరిటెలు ఆ ముక్క మీద పోసుకుని కలుపుకున్నారు.

"ఇప్పుడు తినచ్చు" అన్నారు.

నేను కూడా పళ్లెం తెచ్చుకున్నాను.